దూర ప్రయాణం మధ్యలో తేలిక రోజు: సైకిల్ మిత్రబృందాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నలుగురైదుగురు స్నేహితులు కలిసి హైదరాబాద్ నుంచో కరీంనగర్ నుంచో బయలుదేరి హనుమకొండ, ములుగు, తాడ్వాయి వైపు నాలుగైదు రోజులు తొక్కే ప్రయాణాలను మనసులో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. ప్రయాణం మధ్యలోనే ఆగిపోయిన బృందాల్లో ఎక్కువ భాగం కష్టమైన రోజున ఓడినవి కావు. తేలికగా గడపాల్సిన రోజును పాడు చేసుకుని, ఆ మర్నాడు కూలబడ్డవి. అందుకే ఈ ఒక్క రోజు గురించి ఇంత వివరం.

తేలిక రోజు అంటే సరిగ్గా ఎంత తొక్కాలి?

మిగతా రోజుల సగటులో సగానికి మించకూడదు. రోజుకు 90 కిలోమీటర్లు తొక్కుతుంటే ఆ రోజు 30 నుంచి 45 చాలు. సీటు మీద గడిపే సమయం మొత్తం రెండు నుంచి మూడు గంటలు. అయితే దూరం కన్నా ముఖ్యమైనది ఎంత బలం పెట్టి తొక్కుతున్నామన్నది. 30 కిలోమీటర్లు రొప్పుతూ తొక్కితే అది తేలిక రోజు కాదు. పక్కనున్న మనిషితో మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా నాలుగు వాక్యాలు మాట్లాడగలగాలి, అదే కొలత. గుండె వేగం చూపే గడియారం ఉన్నవాళ్ళు గరిష్ఠ వేగంలో 65 శాతం దాటకుండా చూసుకోవచ్చు. గేరు ఒకటి రెండు మెట్లు తగ్గించి, పెడల్ నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా తొక్కితే మోకాళ్ళ మీద బరువు పడదు.

తొక్కకుండా రోజంతా పడుకుంటే ఇంకా మంచిది కాదా?

జ్వరమో, విరేచనాలో, కీలు వాపో ఉంటే పడుకోవాల్సిందే. లేకపోతే కాస్త తొక్కడమే మేలు. మెల్లగా తిప్పే కాళ్ళలో రక్తం ఆడుతుంది, బిగుసుకున్న కండరాలు సడలుతాయి. అలవాటు లేని శ్రమ తర్వాత వచ్చే కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువవుతుంది. ఆ సమయంలో పూర్తిగా కదలకుండా ఉన్నవాళ్ళకు మర్నాడు మొదటి గంట చాలా బరువుగా నడుస్తుంది.

ఎన్నో రోజున పెట్టుకోవాలి?

ఐదు రోజుల ప్రయాణంలో మూడో రోజు, వారం ప్రయాణంలో మూడోదో నాలుగోదో. అన్నిటికన్నా పెద్ద రోజు ఏదైతే దాని మర్నాడు అనేది ఇంకా మంచి లెక్క. హైదరాబాద్ నుంచి హనుమకొండకు భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా దాదాపు 145 కిలోమీటర్లు. ఒక్క రోజులో వచ్చినవాళ్ళకు రెండో రోజే తేలిక రోజు కావాలి, మూడో రోజు దాకా ఆగకూడదు.

ఇంకో సంగతి. మన ప్రాంతంలో పెద్ద కొండలు లేవు కాబట్టి అలసట ఎత్తుల వల్ల కాక ఎండ వల్లా, గాలి వల్లా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చేటప్పుడు వీపు మీద తోస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు ముఖాన కొడుతుంది. వానకాలంలో తిరుగు ప్రయాణం కూడా సైకిల్ మీదే అయితే, తేలిక రోజును దానికి ముందు రోజుకు జరపండి. రాకలో వచ్చిన సగటు వేగాన్ని పోకకు లెక్కేసుకుంటే చీకటి పడ్డాక రోడ్డు మీద ఉంటారు.

ఉత్తర తెలంగాణలో ఈ రోజుకు అనువైన చోట్లు ఏవి?

మూడు ఏర్పాట్లు బాగా కుదురుతాయి.

మొదటిది హనుమకొండలోనే ఉండిపోవడం. సామాను గదిలో వదిలేసి, ఖాళీ సైకిళ్ళతో వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు కట్ట, అక్కడి నుంచి వరంగల్ కోట, తిరిగి గదికి. మొత్తం 20 కిలోమీటర్ల చిల్లర. వేయి స్తంభాల గుడి 1163 నాటిది, కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించినది. కోటలో నాలుగు కీర్తి తోరణాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట చూడొచ్చు. కోట ద్వారాలు తిన్నగా ఉండవు, శత్రువు దూసుకు రాకుండా వంపు తిప్పి కట్టారు. ఊరి రోడ్డు ఇప్పటికీ ఆ వంపుల్లోంచే పోతుంది, అవతలి నుంచి వచ్చే ఆటో కనిపించదు. బెల్లు కొడుతూ, ఒకరి వెనక ఒకరుగా దాటండి. ఈ ఏర్పాటులో మెకానిక్, మందుల షాపు, మంచి భోజనం అన్నీ చేతికి అందుతాయి. సైకిల్‌కు రిపేరు ఉంటే ఇదే ఎంచుకోవాలి.

రెండోది, మాకు అన్నిటికన్నా నచ్చేది, రామప్ప గుడి నుంచి లక్నవరం చెరువు. ముందు రోజు హనుమకొండ నుంచి జాతీయ రహదారి 163 మీద ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు దాటి రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరతారు, దాదాపు 70 కిలోమీటర్లు. పొద్దున్నే రామప్ప గుడి చూసి, ఫలహారం చేసి, లక్నవరం వైపు 30 కిలోమీటర్లకు అటూ ఇటూ తొక్కితే మధ్యాహ్న భోజనానికి చెరువు దగ్గర ఉంటారు. గుడిని 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కనీసం గంటన్నర ఇవ్వండి. అంత దూరం తొక్కి వచ్చి పది నిమిషాల్లో ఫొటోలు దిగి వెళ్ళిపోవడం అన్యాయం.

మూడోది నర్సంపేట వైపు పాకాల చెరువు. నర్సంపేటలో రాత్రి ఉండి, పొద్దున చెరువుకు వెళ్ళి వస్తే సరిపోతుంది. నీడ ఎక్కువ, లారీలు తక్కువ. అయితే చెరువు దగ్గర తిండి దొరుకుతుందని నమ్ముకోకుండా సద్ది కట్టుకుని పోవాలి.

లక్నవరం, తాడ్వాయి, హనుమకొండల్లో రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత వసతులు ఉన్నాయి. శని, ఆదివారాలు నిండిపోతాయి కాబట్టి తేలిక రోజు వారం మధ్యలో పడేలా ప్రయాణం మొదలుపెట్టండి. గది అడిగేటప్పుడే సైకిళ్ళు లోపల పెట్టుకోనిస్తారా అని కూడా అడగాలి.

ఆ రోజు కూడా తెల్లవారుజామునే లేవాలా?

చలికాలంలో అక్కర్లేదు. డిసెంబరు, జనవరిలో ఇక్కడ సూర్యుడు దాదాపు ఆరున్నర దాటాకే వస్తాడు, పొగమంచు పోయేసరికి ఎనిమిది కావచ్చు. గంటన్నర ఎక్కువ నిద్రపోండి, ఎనిమిదిన్నరకు బయలుదేరండి. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఐదున్నరకు కదిలి తొమ్మిదిలోపు తొక్కడం ముగించి, ఆ నిద్రను మధ్యాహ్నం తీర్చుకోవాలి. పగటి నిద్ర అరగంట అయితే లేవగానే చురుగ్గా ఉంటారు. మూడు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది.

మాలో ఇద్దరు బలంగా తొక్కేవాళ్ళు. "ఇంత తక్కువేంటి" అని ముందుకు దూసుకుపోతారు. ఏం చేయాలి?

బృందాల్లో తరచుగా వచ్చే గొడవ ఇదే, దీనికి మాటలకన్నా ఏర్పాటు బాగా పనిచేస్తుంది. ఆ రోజు అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషిని ముందు పెట్టండి, బలమైన ఇద్దరిలో ఒకరిని చిట్టచివర పెట్టండి. ముందున్న మనిషిని దాటకూడదు అన్న ఒక్క నియమం చాలు. చివర ఉన్నవారి దగ్గర పంపు, ట్యూబు, మందుల సంచి ఉంటాయి కాబట్టి అది పనిలేని చోటు కాదు. రెండోవారికి వేరే బాధ్యత ఇవ్వండి. బృందం సామానులో కొంత వాళ్ళ క్యారియర్ మీదికి మార్చితే వేగం దానంతట అదే తగ్గుతుంది.

అయినా కాళ్ళు ఊరుకోకపోతే, ఫలహారానికి ముందు ఒక గంట సేపు అదే రోడ్డు మీద వెళ్ళి రమ్మనండి. చెప్పిన సమయానికి తిరిగి రావాలి, ఫోను వెంట ఉండాలి. మొత్తం బృందాన్ని వాళ్ళ వేగానికి లాగడం మాత్రం ఒప్పుకోవద్దు. ఆ రోజు ఆనందంగా దూసుకుపోయినవాళ్ళ బాకీని మర్నాడు నెమ్మదిగా తొక్కే స్నేహితుడు తీర్చాల్సి వస్తుంది.

తక్కువ తొక్కుతున్నాం కదా, తిండి తగ్గించాలా?

వద్దు. ముందు రోజుల్లో కండరాల్లో ఖాళీ అయిన పిండిపదార్థం నిల్వ తిరిగి నిండడానికి బాగా తింటేనే ఒక రోజు పడుతుంది. తేలిక రోజు ఉన్నదే అందుకు. కిలో శరీర బరువుకు 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం లెక్కేసుకోండి. 65 కిలోల మనిషికి 325 నుంచి 455 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాములు ఉంటుంది, ఒక మోస్తరు అరటిపండులో 25, యాభై గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలో 35. అంటే రెండు పూటలా నిండుగా అన్నం, పొద్దున నాలుగైదు ఇడ్లీలు, మధ్యలో మూడు పండ్లు, సాయంత్రం రొట్టెలు. మన మామూలు తిండే సరిపోతుంది, డబ్బాల పొడులు అవసరం లేదు.

మాంసకృత్తులు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు, గుప్పెడు పల్లీలకు 7. పప్పు రెండు పూటలా ఉండేలా చూసుకుంటే శాకాహారులకూ సమస్య రాదు.

సర్వపిండి ఈ ప్రయాణాలకు పుట్టినట్టే ఉంటుంది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, ఉప్పు, కారం అన్నీ ఒక్కదాంట్లోనే ఉన్నాయి, చల్లారినా తినొచ్చు. అయితే నూనె ఎక్కువ, అరగడానికి సమయం పడుతుంది. తొక్కడం అయిపోయాక తినండి, సీటు ఎక్కే ముందు కాదు. వానకాలంలో రోడ్డు పక్క కాల్చిన మక్కజొన్న కంకి, వేసవిలో తాటి ముంజలు దొరికితే ఆగి తినండి. ఆ రోజు ఆగడానికి సమయం ఉంది.

దారి పక్క హోటల్లో కొత్త వంటకాలు పరీక్షించడం మాత్రం ఆ రాత్రికి వద్దు. కడుపు చెడితే ప్రయాణం అక్కడే ఆగుతుంది. వేడిగా పొగలు కక్కుతున్నది తినండి. పచ్చి ఉల్లిపాయ, కోసి పెట్టిన పండ్లు, మూత లేని పచ్చడి వదిలేయండి.

నీళ్ళు ఎంత తాగాలి? ఓఆర్ఎస్ రోజంతా తాగొచ్చా?

తొక్కే గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఎండలో ఇంకొంచెం. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు, ముదురు రంగులో ఉంటే తగ్గినట్టు. చెమట బాగా పోతున్నప్పుడు ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే లీటర్లకొద్దీ తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, అయోమయం వస్తాయి.

ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత నీళ్ళలోనే కలపాలి. పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు. సీసా చిన్నదని సగం నీళ్ళలో మొత్తం పొడి పోస్తే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తల కొట్టి సమానంగా. తేలిక రోజున ఒక లీటరు చాలు. మిగతాది మంచినీళ్ళు, ఉప్పేసిన పలుచటి సల్ల, పొద్దున ఒక గ్లాసు అంబలి. రక్తపోటు, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్ళు ఉప్పు విషయం బయలుదేరకముందే డాక్టరును అడగాలి.

దారిలో తాటిచెట్ల కింద కల్లు దొరుకుతుంది. తేలిక రోజే కదా, తాగొచ్చా?

తొక్కాల్సిన దూరం మిగిలి ఉండగా వద్దు, ఒక్క గ్లాసు కూడా. తూకం తప్పుతుంది, ఎండలో ఒంట్లో నీరు తగ్గుతుంది. గది చేరాక కూడా, తాగిన రాత్రి నిద్ర పలచగా ఉంటుంది, కండరాలు కోలుకోవడం నెమ్మదిస్తుంది. ఆ రోజంతా కూడబెట్టిన విశ్రాంతి అక్కడ పోతుంది. ప్రయాణం ముగిసిన రోజుకు దాచుకోండి.

సైకిల్‌కు ఆ రోజు ఏమేం చూడాలి? మాకు పనిముట్లు పెద్దగా లేవు.

ఒక అలెన్ కీల సెట్టు, పాత గుడ్డ, పాత పళ్ళ బ్రష్షు, చైన్ ఆయిల్, అంగుళాలు మిల్లీమీటర్లు ఉన్న స్కేలు. ఇంతే కావాలి. సైకిల్‌కు ముప్పావు గంట. భోజనానికి ముందు పగటి వెలుగులో చేయండి. రాత్రికి వాయిదా వేస్తే ఎవరూ చేయరు.

మొదట చైన్. గుడ్డతో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ నల్లటి మురికి పోయేదాకా తుడవండి. గేర్ పళ్ళ మధ్య గడ్డ కట్టిన మట్టిని బ్రష్షుతో తీయండి. తర్వాత ఒక్కో లింకు లోపలి రోలర్ మీద ఒక్కో చుక్క ఆయిల్, అంతకు మించి కాదు. పెడల్ ఇరవై చుట్లు వెనక్కి తిప్పి, పది నిమిషాలు వదిలేసి, పైన కనిపించే ఆయిలంతా తుడిచేయండి. ఈ ఆఖరి తుడుపును చాలామంది వదిలేస్తారు. పైన మిగిలిన ఆయిల్ దుమ్మును పట్టి గరుకు పేస్టులా మారి చైన్‌ను అరగదీస్తుంది. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ వద్దు, రెండూ దుమ్మును లాగుతాయి. వానలో తడిస్తే ఎన్ని కిలోమీటర్లైనా సరే, అదే రోజు ఆరబెట్టి ఆయిల్ వేయాలి.

చైన్ అరిగిందో లేదో స్కేలుతో తెలుస్తుంది. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 పిన్నుల దూరం కొలవండి. కొత్త చైన్‌లో అది సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు. 306.3 దాటితే చైన్ మార్చే వేళయింది. 307.8 దాకా వదిలేస్తే వెనక పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైన్ వేసినా జారుతుంది.

తర్వాత బ్రేకులు. రబ్బరు ప్యాడ్ల మీది గాడులు కనిపించకుండా పోతే మార్చాలి. ప్యాడ్‌లో మెరిసే ఇసుక రేణువులు, లోహపు ముక్కలు గుచ్చుకుని ఉంటే పిన్నీసుతో తీసేయండి, అవే రిమ్మును గీరుతాయి. డిస్క్ బ్రేక్ అయితే ప్యాడ్ మందం మిల్లీమీటరుకు తగ్గకూడదు. చైన్ ఆయిల్ వేసేటప్పుడు డిస్క్ మీద చుక్క కూడా పడనీయొద్దు. పడితే బ్రేకు పట్టదు, కీచుమంటుంది.

స్పోకులను రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కి చూడండి. మిగతావాటికన్నా మెత్తగా వంగేది వదులైనట్టు. సామాను వేసిన సైకిల్‌లో వెనక చక్రానికి, గేర్ల వైపు స్పోకులు ముందు తెగుతాయి, బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి. ఆఖరున బోల్టులు. క్యారియర్ బోల్టులు, సీసా పట్టే బోల్టులు గతుకుల రోడ్ల మీద రోజురోజుకూ కాస్త కాస్త వదులవుతాయి. క్యారియర్ బోల్టు ఒకటి ఊడి పడితే సంచి చక్రంలోకి వాలుతుంది. నాలుగు అదనపు బోల్టులు, పది ప్లాస్టిక్ కట్లు సంచిలో ఉంటే ఆ రోజు గట్టెక్కుతుంది.

ఏ భాగాన్నీ అవసరం లేకుండా విప్పొద్దు. బాగా నడుస్తున్న గేర్లను "ఇంకా మెత్తగా" చేయబోయి, మర్నాడు గేరు పడక ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువ.

పంక్చర్ వేశాక కూడా గంటలో గాలి దిగిపోతోంది. ఎందుకు?

సాధారణంగా ముల్లు టైరులోనే ఉంటుంది. మన రోడ్ల అంచుల్లో తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు రెండూ ఉంటాయి. పల్లేరు ముల్లు విరిగి టైరు మందంలో దాక్కుంటుంది, వేలికి తగలదు. దూది ముద్ద తీసుకుని టైరు లోపలంతా గుండ్రంగా రుద్దండి. ముల్లు ఉన్నచోట దూది పట్టుకుంటుంది. దానిని బయటి నుంచి లోపలికి నెట్టి తీయాలి.

రంధ్రం ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. రోడ్డు వైపు ఒక్క చుక్క అయితే ముల్లు. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కింది. రిమ్ము వైపు రంధ్రం ఉంటే రిమ్ము పట్టీ జరిగి స్పోకు తల గుచ్చింది, పట్టీ సరిచేయకపోతే ఎన్ని ట్యూబులు మార్చినా అంతే. వాల్వు మొదట్లో చిరిగితే, గాలి తక్కువగా తొక్కడం వల్ల ట్యూబు జరిగి వాల్వు వంగింది. ఆ చిరుగుకు ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చడమే.

ప్యాచ్ ఊడిపోవడానికి తొందరే కారణం. గరుకు కాగితంతో ప్యాచ్ కన్నా కాస్త వెడల్పుగా రుద్దాలి. సొల్యూషన్ పలుచగా పూసి ఐదు నిమిషాలు ఆగాలి, తడి మెరుపు పోయి వేలికి జిగటగా తగిలినప్పుడు అంటించి రెండు నిమిషాలు గట్టిగా నొక్కాలి. రోడ్డు పక్కన ఇంత ఓపిక ఉండదు. అందుకే దారిలో కొత్త ట్యూబు వేసుకుని, చిల్లుపడ్డ ట్యూబులన్నీ తేలిక రోజున బకెట్ నీళ్ళలో ముంచి చూసి ఒకేసారి ప్యాచ్‌లు వేయండి.

గాలి ఎంత ఉండాలి? పల్లెల్లో పంక్చర్ దుకాణాల్లో కొట్టించుకోవచ్చా?

టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ సంఖ్య దాటకుండా, సన్నటి రోడ్డు టైరు 25 మిల్లీమీటర్లదైతే 80 నుంచి 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 35 నుంచి 38 అయితే 50 నుంచి 70, రెండు అంగుళాల లావు టైరు అయితే 35 నుంచి 50. సామాను ఉంటే వెనక చక్రానికి ఐదు ఎక్కువ.

దుకాణాల పంపులు మోటారు సైకిల్ వాల్వుకూ, మామూలు సైకిల్ వాల్వుకూ సరిపోతాయి. సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టర్ తప్పనిసరి, బృందానికి రెండు ఉంచండి. లారీలకు గాలి కొట్టే కంప్రెషర్‌తో సన్న టైరు ఒక్క క్షణంలో పేలుతుంది. చేతి పంపుతో కొట్టమని అడగండి.

మోకాలు నొప్పి మొదలైంది. మర్నాడు తొక్కొచ్చా?

నొప్పి ఎక్కడుందో చూడండి. మోకాలి చిప్ప ముందు భాగంలో ఉంటే సీటు కిందికి ఉన్నట్టు, లేదా పెద్ద గేరులో బలంగా తొక్కినట్టు. వెనక మడతలో ఉంటే సీటు ఎత్తు ఎక్కువ. మడమను పెడల్ మీద పెట్టి అడుగుకు తిప్పినప్పుడు కాలు సరిగ్గా చాచుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. ఒకేసారి 5 మిల్లీమీటర్లకు మించి మార్చొద్దు. మార్పును పరీక్షించడానికి తేలిక రోజుకు మించిన సమయం లేదు. వాపు ఉన్నా, మెట్లు దిగుతుంటే పొడిచినట్టున్నా, కాలు పూర్తిగా మడవలేకపోయినా ఆపేయాలి. నొప్పి బిళ్ళ వేసుకుని తొక్కితే గాయం ముదురుతుంది, తెలియకుండా ముదురుతుంది.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచు నరం నొక్కుకుంటోంది. పది నిమిషాలకోసారి చేతుల పట్టు మార్చండి, మోచేతులు కాస్త వంచండి.

సీటు రాపిడికి చర్మం ఒరుసుకుపోయింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేకపోతున్నాను.

దూరం తొక్కే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా. దాచితే పుండు అవుతుంది, చెబితే బృందం సగం రోజు ఆగుతుంది. సబ్బు, చల్లటి నీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది ఆరనివ్వండి. గదిలో వదులుగా ఉండే నూలు లుంగీయో నైటీయో వేసుకోండి. సైకిల్ నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు, ఒరుపుకు సగం కారణం ఆ కుట్లే. నిక్కరు ఉతికి, మెత్తటి భాగం పైకి వచ్చేలా తిరగేసి ఎండలో ఆరేయండి. తడి నిక్కరు మర్నాడు వేసుకోవడం కన్నా రెండోది కొనుక్కోవడం చవక. చీము, జ్వరం, గట్టి గడ్డ ఉంటే డాక్టరు దగ్గరకే.

గుడికి సైకిల్ దుస్తుల్లో వెళ్ళొచ్చా?

బిగుతు నిక్కరు మీద లుంగీనో పైజామానో వేసుకుని వెళ్ళడం మర్యాద. సంచిలో పలుచటిదొకటి ఉంచండి. అడుగున క్లీట్లు (పెడల్‌కు పట్టుకునే గట్టి ముక్కలు) ఉన్న బూట్లు నున్నటి రాయి మీద జారతాయి, చెప్పులు వెంట తీసుకెళ్ళండి. మధ్యాహ్నం గుడి ఆవరణలో రాళ్ళు కాలుతాయి కాబట్టి పొద్దున్నే వెళ్ళడం మేలు. తినే సామాను సైకిల్ సంచిలో వదిలేస్తే కోతులు జిప్పులు కూడా లాగేస్తాయి.

చెరువులో ఈత?

వద్దు. అలసిన కాళ్ళు చల్లటి నీళ్ళలో పట్టేస్తాయి, చెరువు లోతు పైకి తెలియదు. లక్నవరంలో వేలాడే వంతెన మీద నడవండి, పడవ ఎక్కండి, లైఫ్ జాకెట్ వేసుకుని.

ఈ రోడ్ల మీద కొత్తవాళ్ళకు తెలియని ప్రమాదాలు ఏవి?

కోతల కాలం, అంటే నవంబరు, డిసెంబరు, మళ్ళీ ఏప్రిల్, మే. రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచులకు రాళ్ళు పెడతారు. వడ్ల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, రైతు కష్టమూ పాడవుతుంది. దిగి నడిపించుకుపోవడానికి రెండు నిమిషాలు. సాయంత్రం వెలుగు తగ్గాక ఆ రాళ్ళు కనిపించవు.

నాట్ల కాలంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో రోడ్డెక్కి, బురద ముద్దలు వదులుతాయి. వాన చినుకు పడితే అది సబ్బులా ఉంటుంది. వంపుల్లో వేగం తగ్గించి, ముందు బ్రేకు మెత్తగా వాడండి. పత్తి, మిర్చి బస్తాల లోడ్లు వరంగల్ ఏనుమాముల మార్కెట్ వైపు వెళ్ళే రోజుల్లో బండి వెడల్పుకన్నా లోడు వెడల్పు ఎక్కువ. దాటిపోయేదాకా రోడ్డు దిగి నిలబడటమే సరి.

రెండేళ్ళకోసారి మాఘ మాసంలో మేడారం జాతర ఉంటుంది. ఆ రోజుల్లో, దానికి ముందు వారాల్లో ములుగు, తాడ్వాయి రోడ్డు సైకిల్ బృందాలకు అనువు కాదు. తేదీలు చూసుకుని ప్రయాణం వేసుకోండి.

దారి అడిగినప్పుడు "దగ్గరనే అన్నా" అన్న జవాబు వస్తుంది. చెప్పేవారు బైకు మీద లెక్కేసి చెబుతున్నారు. "బండి మీద ఎంతసేపు పడుతది?" అని అడిగి, ఊళ్ళ మధ్య రోడ్ల మీద ఆ సమయాన్ని రెండున్నర రెట్లు చేసుకోండి.

ములుగు దాటాక అడవి దారిలో జాగ్రత్తలు?

చీకటి పడకముందే గది చేరాలి. సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి మ్యాపును ముందే ఫోనులో దించుకోండి, ఇంట్లోవాళ్ళకు ఆ రాత్రి ఎక్కడ ఉంటారో చెప్పండి. విడిపోతే ఏ ఊళ్ళో కలవాలో పొద్దున్నే అనుకోవాలి. అభయారణ్యం లోపలి మట్టి దారుల్లోకి అనుమతి లేకుండా మళ్ళకండి. ఎండాకాలంలో ఎండుటాకుల దగ్గర పొయ్యి, సిగరెట్టు రెండూ వద్దు.

ఒకరు ఇక తొక్కలేనంటే?

తేలిక రోజు ఉదయమే నిర్ణయించండి, మర్నాడు అడవి మధ్యలో కాదు. ములుగు నుంచి ట్రాలీ ఆటో మాట్లాడితే మనిషినీ సైకిల్‌నూ హనుమకొండ చేరుస్తుంది. కాజీపేట, వరంగల్ స్టేషన్లలో పార్సిల్ ఆఫీసులో సైకిల్ బుక్ చేసి రైల్లో పంపొచ్చు, రైలుకు కనీసం గంటన్నర ముందు వెళ్ళాలి. ఒక్కరినే పంపకుండా తోడు ఒకరు వెళ్ళడం స్నేహధర్మం.

ఎండలో మాట తడబడినా, నడక తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ గాలి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో ఏమీ పోయొద్దు.

సాయంత్రం ఏం చేసి పడుకోవాలి?

సీసాలు వేడినీళ్ళతో కడిగి బోర్లించండి. లైట్లు, ఫోన్లు చార్జింగ్ పెట్టండి, కరెంటు పోతుందేమోనని పవర్ బ్యాంకు ముందు నింపండి. రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూడండి, పొద్దున మళ్ళీ నొక్కినప్పుడు మెత్తబడి ఉంటే రాత్రంతా సన్నగా కారుతున్న పంక్చర్ ఉన్నట్టు. ఫలహారం ఎన్ని గంటలకు దొరుకుతుందో వంటవాళ్ళను అడగండి. తెల్లారి ఐదింటికి బయలుదేరేట్టయితే అరటిపండ్లు, పల్లి పట్టీలు రాత్రే కొని గదిలో పెట్టుకోవాలి, ఆ వేళకు తాడ్వాయిలో దుకాణం తెరిచి ఉంటుందని నమ్ముకోవద్దు.